చప్పట్లు వినపడ్డాయి

భద్రాచలం దగ్గరి పల్లె నుంచి పది మంది ఆడవాళ్లు హైదరాబాదు చూడడానికి వచ్చారు. రెండు రోజుల్లో చార్మినారు, జూపార్కు చూశారు. మూడో రోజు శుక్రవారం. రాత్రికి రైలెక్కాలి.

పొద్దున్నే సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లారు. గేటు మూసి ఉంది. ఒకామె బోర్డు కూడబలుక్కుని చదివింది. "శుక్రవారం సెలవు." అందరూ ఉసూరుమన్నారు.

"గోలకొండకు పోదాం" అంది ఒక కోడలు.

ఆమె అత్తకు మోకాళ్ల నొప్పులు. కోట గుమ్మం దగ్గరే కూలబడింది.

"అత్తమ్మా, ఈ గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ పైన వినపడతదంట. గంటయ్యాక కొట్టు. మూడేసి సార్లు కొట్టు, నువ్వేనని తెలుస్తది."

ఆ కాలంలో ఫోన్లు ఎక్కడివి? శత్రువు వస్తే పైవాళ్లకు కబురు అందాలి. అందుకే గుమ్మటం అలా కట్టారు. 1518 నుంచి 1687 దాకా కోట కుతుబ్‌షాహీ రాజులది.

దారిలో రామదాసు చెరసాల వచ్చింది. ఆయన అసలు పేరు కంచర్ల గోపన్న. సర్కారు సొమ్ముతో భద్రాచలంలో రాముడి గుడి కట్టించాడు. తానీషా ఆయన్ని ఇక్కడే బంధించాడు. గోడ మీద దేవుళ్ల బొమ్మలున్నాయి. రామదాసే చెక్కాడంటారు. ఏటా రాముడి కల్యాణం చూసే ఆ ఆడవాళ్లకు మాట రాలేదు.

పైకి చేరారు. ఒకటే గాలి. కోడలు చెవి ఒగ్గి నిలబడింది. ఎవరెవరివో చప్పట్లు. తర్వాత మూడు. ఆగి, మళ్లీ మూడు.

"మా అత్తమ్మే!" అని అరిచింది.

కిందికి రాగానే అత్త అడిగింది. "వినపడ్డదా?"

"వినపడ్డది. రామదాసు చెరసాల కూడా చూసినం."

"అవునా! రైల్లో అంతా చెప్పు. ముందు చాయ్ తాగుదాం పదండి."