వాడపల్లి దీపం, మిర్యాలగూడ టిఫిన్ బిల్లు

వాడపల్లి వీడియో చూసినవాళ్లకి ఒక మాట. అందులో నేను చెప్పనిది ఇక్కడ రాస్తున్నా.

మిర్యాలగూడ దగ్గర, కృష్ణా మూసీ కలిసే చోటే వాడపల్లి. అక్కడి లక్ష్మీనరసింహస్వామి గర్భగుడిలో రెండు దీపాలుంటాయి. స్వామి ముఖం ఎత్తులో ఉన్నది రెపరెపలాడుతుందనీ, కింద ఉన్నది కదలదనీ చెబుతారు. పై దీపానికి స్వామి ఊపిరి తగులుతోందని భక్తుల నమ్మకం. కెమెరా ముందు నేను దీన్నే పట్టుకున్నా: ఊపిరి కనిపించదు, దీపం కదలడమే కనిపిస్తుంది, మన స్వభావమూ అంతే, బయటపడేది ప్రవర్తనే అని. బాగా వచ్చిందని సంబరపడ్డా కూడా.

షూట్ అయ్యాక మిర్యాలగూడలో టిఫిన్ చేశాం. 340 రూపాయలు స్కాన్ చేసి పంపా. గిరాకీ ఎక్కువుంది, ఓనర్ చూడకుండానే తలూపాడు. తర్వాతి షూట్ సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో. దారిలో కోదాడలో ఒక ఫ్రెండ్‌ని ఎక్కించుకోవాలి. అక్కడ ఆగి ఫోన్ చూస్తే పేమెంట్ ఫెయిల్!

మళ్లీ పంపడానికి అర నిమిషం చాలు. కానీ నాకు మొదట వచ్చిన ఆలోచన, "ఆయనకి తెలియదులే." రెండోది, "మళ్లీ వచ్చినప్పుడు ఇద్దాం." కెమెరా తమ్ముడు నా ముఖం చూసి "ఏమైందన్నా?" అన్నాడు. "ఏం లేదురా" అన్నా. అబద్ధం ఎంత ఈజీగా వచ్చిందో.

బండి కదిలాక గీత 16వ అధ్యాయం గుర్తొచ్చింది. కృష్ణుడు చెప్పిన 26 దైవీ గుణాల్లో మొదటిది అభయం. సత్యం కన్నా ముందు భయం లేకపోవడం ఎందుకు పెట్టాడో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. తమ్ముడితో అబద్ధమాడింది 340 కోసం కాదు, వాడి ముందు పలచనైపోతానన్న భయంతో. ఆసురీ గుణాల్లో మొదటిది దంభం, అంటే లోపల లేనిది బయట చూపించడం. పొద్దున కెమెరా ముందు నేను చేసింది అదేనేమో. బైబిల్లో సామెతల గ్రంథం 4వ అధ్యాయం కూడా చేతల కన్నా ముందు హృదయానికే కాపలా పెట్టమంటుంది. దారులు వేరైనా అందరూ వెతికింది లోపలే.

సూర్యాపేట చేరేలోపే డబ్బు పంపేశా. అది తేలికే. తమ్ముడికి చెప్పడానికి మాత్రం పిల్లలమర్రి గుడి మండపంలో కూర్చునేదాకా నోరు రాలేదు.

విని వాడు నవ్వాడు. "కోదాడలనే చూసిన అన్నా. స్క్రీన్ నాక్కూడ కనవడ్డది గదా. నువ్వే చెప్తవని ఊకున్న."