మృగం ఎక్కడుంది?



మనిషి పుట్టుకతోనే మంచివాడా, క్రూరుడా? ఈ ప్రశ్నను ఈసారి ఒక నవల దగ్గర పెట్టుకుని ఆలోచిద్దాం.

ఇంగ్లండు రచయిత విలియం గోల్డింగ్ 1954లో ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’ అనే నవల ప్రచురించాడు. ఆయన బడిపంతులు. రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో పనిచేసి నరమేధాన్ని దగ్గరగా చూసినవాడు. కథ ఇది. యుద్ధకాలంలో విమానం కూలి, కొందరు బడిపిల్లలు మనుషులు లేని దీవిలో చిక్కుకుంటారు. పెద్దవాళ్లు ఒక్కరూ లేరు. రాల్ఫ్‌ను నాయకుడిగా ఎన్నుకుంటారు. శంఖం ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలని నియమం పెట్టుకుంటారు. ఓడలకు కనబడేలా మంట వేస్తారు. ఇంతవరకు బాగానే ఉంది. తర్వాత జాక్ అనేవాడు వేట పేరుతో ముఠా కడతాడు. దీవిలో ఏదో మృగం ఉందన్న భయం పాకుతుంది. మృగం బయట లేదు, మనలోనే ఉందని గ్రహించిన సైమన్‌నే మృగమనుకుని కొట్టి చంపేస్తారు. తెలివిగా మాట్లాడే పిగ్గీనీ చంపుతారు. అతనితోపాటే శంఖమూ ముక్కలైపోతుంది.

చివర్లో ఒక నౌకాదళ అధికారి వస్తాడు. ఇంగ్లీషు పిల్లలు ఇలా తయారయ్యారేమిటని ఆశ్చర్యపోతాడు. కానీ ఆయన వచ్చింది యుద్ధనౌకలోనే కదా! ఇక్కడ ఆగి ఆలోచించండి. బట్టలు, చదువు, హోదా నాగరికత కాదు. అడవిలో బతికే ఆదివాసీని ‘అనాగరికుడు’ అనడం మన సమాజానికి అలవాటు. మరి 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో మనవాళ్లను చంపినవాళ్లు అడవి నుంచి వచ్చారా? పచ్చని పొలాలున్న ఊళ్లలోనే కదా ఆ ఘోరాలు జరిగాయి!

అయితే మనిషి నైజమే ఇంతని చేతులెత్తేద్దామా? వద్దు. నవల కల్పన. ఇప్పుడు నిజంగా జరిగింది వినండి. 1965లో టోంగా దేశపు బడిపిల్లలు ఆరుగురు పడవెక్కి, గాలివానలో చిక్కి, ‘అటా’ అనే నిర్జన దీవికి కొట్టుకుపోయారు. సుమారు 15 నెలలు అక్కడే బతికారు. పనులు ఇద్దరిద్దరుగా పంచుకున్నారు. మంట ఆరిపోనివ్వలేదు. పోట్లాడుకున్నవాళ్లు విడిగా వెళ్లి, కోపం చల్లారాకే తిరిగి రావాలి. ఒకడి కాలు విరిగితే మిగతావాళ్లు కట్టు కట్టి, అతని పనీ తామే చేశారు. 1966లో ఆస్ట్రేలియా నావికుడు పీటర్ వార్నర్ కనుగొనేసరికి ఆరుగురూ క్షేమంగా ఉన్నారు.

రెండు దీవులు, రెండు దారులు. తేడా ఎక్కడుంది? ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’ గ్రంథంలో బాబాసాహెబ్ చెప్పింది ఇదే: ఒంటరి మనిషికి ధమ్మంతో పని లేదు, ఇద్దరు కలిసి బతకాలంటే ధమ్మం కావాలి. ధమ్మం లేనిచోట అరాచకమో, నియంత పాలనో వస్తుంది. జాక్ పాలన అదే. ధమ్మానికి ప్రజ్ఞ, కరుణ రెండూ మూలమని కూడా ఆయన చెప్పారు. పిగ్గీకి ప్రజ్ఞ ఉంది, కానీ చుట్టూ ఉన్నవాళ్లలో కరుణ కరువైంది. నియమం శంఖంలోనే ఉండిపోయింది, మనసులోకి దిగలేదు. అందుకే శంఖంతోపాటే పగిలింది. టోంగా పిల్లలు నియమాన్ని రోజూ ఆచరించారు. అలా ఆచరించేదాన్నే మనం శీలం అంటాం.

ఇక మన సంగతి చూద్దాం. దీక్ష తీసుకున్నాం, పంచశీల చెప్పుకుంటున్నాం. కానీ పేటలో దొంగ అన్న పుకారు రాగానే గుంపులో మన చెయ్యీ లేస్తుందా? ఇంట్లో భార్య మీద లేస్తుందా? మనకంటే ‘కింది’ ఉపకులం అని పక్కింటివాళ్లను చిన్నచూపు చూస్తున్నామా? అలాగైతే మృగం మనింట్లోనే ఉన్నట్టు. దాన్ని చూడగలిగితే అదుపు చేయగలం. ఈ వారం కోపం వచ్చినప్పుడు టోంగా పిల్లల్లా కాసేపు పక్కకు వెళ్లి, చల్లారాక రండి. వచ్చే ఆదివారం విహారంలో మీ అనుభవం చెప్పండి.

నమో బుద్ధాయ! జై భీమ్!