టార్క్ కన్వర్టరును విప్పు విధానము

విజయవాడ–హైదరాబాదు రహదారిపై నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములలో లారీలను బాగుచేయువారికి క్లచ్ ప్లేటు సుపరిచితము. ఆటోమేటిక్ గేర్ల వాహనములలో ఆ పనిని టార్క్ కన్వర్టరు నూనె ప్రవాహముతో నెరవేర్చును. దీనిని 1905లో జర్మను ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ రూపొందించెను. ఇంజనుతో తిరుగు పంపు నూనెను టర్బైనుపైకి విసరును. నడుమనున్న స్టేటరు ఆ ధారను మళ్ళించి త్రిప్పుబలమును పెంచును.

దీనిని విప్పుటకు ముందు బ్యాటరీ తీగను తొలగించి, వాహనమును కేవలము జాకీపై గాక దృఢమైన స్టాండ్లపై నిలుపవలెను. చల్లారిన నూనెను తీసివేసి, ప్రొపెల్లర్ షాఫ్టు, నూనె గొట్టములు, స్టార్టరు విప్పవలెను. క్రాంకును చేతితో త్రిప్పుచు, కన్వర్టరును ఇంజను ఫ్లెక్స్ ప్లేటుకు బిగించిన బోల్టులను ఒక్కొక్కటిగా ఊడదీయవలెను. పిదప గేర్ బాక్సును జాకీపై మోపి, బెల్ హౌసింగు బోల్టులు తీసి, కన్వర్టరుతో సహా తిన్నగా వెనుకకు జరుపవలెను.

ఇదియే కీలకము. కన్వర్టరు ఇంజనును అంటి వ్రేలాడినచో నూనె సీలు చెడును. జారిపడినచో క్రిందనున్నవానికి ప్రాణాపాయము. కావున దానిని పట్టీతో బంధించి దింపి, తరువాతనే బయటికి లాగవలెను. లోపల నూనె మిగిలియుండును గనుక క్రింద పళ్ళెము ఉంచవలెను.

తిరిగి అమర్చునపుడు కన్వర్టరు పంపులో పూర్తిగా కూర్చుండవలెను. కూర్చుండకమునుపే బోల్టులతో బిగించి లాగినచో పంపు పగులును.

విద్యార్థులారా! తొలిసారి ఈ పనిని అనుభవజ్ఞుని సమక్షముననే చేయుడు.