విడాకుల కేసు నడుస్తున్నప్పుడు మీ ఫోన్, మీ ఖాతాలు మీ చేతిలోనే ఉండాలంటే..
(కేతేపల్లి మండల మహిళా సంఘాల సభ్యులకు అవగాహన పత్రం)

విడాకులు అనగానే వకీలు, పెద్దమనుషులు, బంగారం, పిల్లలు గుర్తుకొస్తారు. ఫోన్ గుర్తుకురాదు. కానీ మన ఊళ్లలో చాలా ఇళ్లల్లో భార్య వాడే సిమ్ భర్త పేరు మీదనే ఉంటది. ఆధార్‌కు, బ్యాంకుకు ఇచ్చిన నంబరు కూడా ఆయనదే. సంఘం లోన్ పడ్డా, ఒంటరి మహిళ పింఛనుకు దరఖాస్తు పెట్టినా మెసేజ్, ఓటీపీ పోయేది ఆ నంబరుకే. వేరుపడ్డ తర్వాత కూడా అదే నంబరు ఉంటే మీ ఇంటి తాళంచెవి అవతలివాళ్ల జేబులో ఉన్నట్టే. అందుకే పాస్‌వర్డ్ కంటే ముందు నంబరు సంగతి చూసుకోండి.

ముందుగా ఒక జాగ్రత్త

ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే ఒక్కసారే అన్నీ మార్చొద్దు. ఆ మార్పు కనపడగానే గొడవ పెరగవచ్చు. ముందు నమ్మకమైన వాళ్ల ఫోన్ నుంచి 181కి మాట్లాడి, క్షేమంగా ఉండే చోటు చూసుకోండి.

ఈ వరుసలో చేయండి

1. సిమ్: మీ ఆధార్‌తో, మీ పేరు మీద కొత్త సిమ్ తీసుకోండి.

2. ఆధార్: ఆధార్ కేంద్రానికి పోయి కొత్త నంబరు ఎక్కించండి. వేలిముద్ర కావాలి కాబట్టి మీరే స్వయంగా పోవాలి.

3. బ్యాంకు: పాసుబుక్కు, ఆధార్ పట్టుకొని బ్రాంచికి పోయి నంబరు మార్పించండి. ఏటీఎం పిన్, యూపీఐ పిన్ మార్చండి. జాయింట్ ఖాతా ఉంటే ఒక్కరి సంతకంతో డబ్బు తీయవచ్చా అని అడిగి తెలుసుకోండి.

4. జీమెయిల్: పాస్‌వర్డ్ మార్చి, రికవరీ నంబరు దగ్గర మీ కొత్త నంబరు పెట్టండి. మీ ఖాతా ఏయే ఫోన్లలో తెరిచి ఉందో అక్కడే కనపడుతది. మీవి కానివాటిని తీసేయండి. ఫొటోలు, కాంటాక్టులు అన్నీ ఈ ఖాతాలోనే ఉంటాయని మరువద్దు.

5. వాట్సాప్: సెట్టింగ్స్‌లో ‘లింక్‌డ్ డివైజెస్’ చూడండి. మీకు తెలియని కంప్యూటర్ ఉంటే లాగౌట్ చేయండి. ‘టూ స్టెప్ వెరిఫికేషన్’ పిన్ పెట్టుకోండి. వకీలు పంపే కాగితాలు వచ్చేది ఇక్కడికే.

6. కాల్స్, లొకేషన్: *#21# డయల్ చేస్తే మీ కాల్స్ వేరే నంబరుకు పోతున్నాయా తెలుస్తది. ##002# డయల్ చేస్తే ఆ ఫార్వర్డులన్నీ ఆగుతాయి. గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ కూడా ఆపండి.

ఈ రెండు పనులు చేయొద్దు

ఒకటి, కోపంలో పాత మెసేజ్‌లు, బెదిరింపు వాయిస్‌లు తుడిచేయొద్దు. అవే మీకు సాక్ష్యం. స్క్రీన్‌షాట్ తీసినా, ఆ మెసేజ్ ఉన్న అసలు ఫోన్‌ను భద్రంగా ఉంచండి.

రెండు, మీరు కూడా ఆయన ఖాతా తెరవొద్దు. ఇతరుల పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం 2000, సెక్షన్ 66సి కింద 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఇది భార్యకూ, భర్తకూ ఒకటే.

కోర్టులు ఏమన్నాయి?

భార్య తన తల్లిదండ్రులతో, స్నేహితులతో మాట్లాడిన మాటలను ఒక భర్త చాటుగా రికార్డు చేసి విడాకుల కేసులో చూపబోయాడు. అది ఆమె గోప్యత హక్కుకు భంగమని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. ఆ తీర్పు 2008 లా రిపోర్టుల్లో అచ్చయింది. అయితే 2025 జూలై 14న సుప్రీంకోర్టు ఇంకో కేసులో, భార్యాభర్తలు తమలో తాము మాట్లాడుకున్న మాటలు చాటుగా రికార్డు చేసినవైనా విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని తేల్చింది. కాబట్టి ఆయనతో ఫోన్‌లో మాట్లాడే ప్రతి మాటా రేపు జడ్జి ముందుకు రావచ్చని అనుకొనే మాట్లాడండి.

సాయం ఎక్కడ?

• సఖి కేంద్రం, నల్లగొండ: కౌన్సెలింగ్, వైద్యం, పోలీసు, న్యాయ సాయం, తాత్కాలిక వసతి ఒకే చోట ఉచితంగా.
• 181: మహిళా హెల్ప్‌లైన్. ప్రాణాపాయం అనిపిస్తే 112.
• 1930: ఖాతాలో డబ్బు మోసపూరితంగా పోతే. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.
• 15100: న్యాయ సేవాధికార సంస్థ. 1987 చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా మహిళలందరికీ వకీలు ఉచితం.

ఈ పత్రాన్ని మీ సంఘం గ్రూపులో పంపండి. ఫోన్ చదవరాని అక్కలకు సమావేశంలో చదివి వినిపించండి.