కంప్యూటరు విడిభాగములు కొనబోవు మేనల్లునకు



నీ జాబితా నింపాదిగా చదివితిని. గ్రాఫిక్స్ కార్డు మొదలు క్యాబినెట్‌లో వెలుగవలసిన దీపముల రంగు వరకు సమస్తమును సవిస్తరముగా వ్రాసి, ఎస్‌ఎంపీఎస్ ఎదుట మాత్రము ‘ఏదో ఒకటి’ అంటివి. పెండ్లికి నగలన్నియు కొని వంటవానిని మరచినట్లున్నది.

గోడ ప్లగ్గునుండి వచ్చు 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చి సకల భాగములకును పంచిపెట్టునది ఆ ఎస్‌ఎంపీఎస్ పెట్టెయే గనుక, రక్షణ వలయములు సరిగా లేని నాసిరకపుది కొన్నచో, అది కాలిపోవునపుడు మదర్‌బోర్డునో ఎస్‌ఎస్‌డీనో తనతో తీసికొనిపోవుటయు కలదు. పైన 500 వాట్లని పెద్ద యక్షరములతో అచ్చువేసియున్నంత మాత్రమున నమ్మకుము. ప్రక్కనున్న చీటీపై 12 వోల్టుల వరుసలో ఎన్ని ఆంపియర్లున్నవో చూచి 12చే హెచ్చింపుము. 18 ఆంపియర్లే యున్నచో, ప్రాసెసర్‌కును గ్రాఫిక్స్ కార్డుకును కలిపి నిక్కముగా అందగలది 216 వాట్లే. నీవు కోరిన ఆర్‌టీఎక్స్ 4060 కార్డు స్వయముగా 115 వాట్లకు మించి కోరదు. అయినను దానికి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండవలెనని ఎన్‌విడియా వారే సూచించిరి. ఇక ‘80 ప్లస్’ ముద్ర యందువా, అది విద్యుత్తు ఎంత వృథా కాకుండునో చెప్పునే కాని మన్నికను చెప్పదు. కావున వారంటీ ఎన్నేండ్లో విడిగా విచారింపుము.

రైజెన్ 5 7600 ప్రాసెసర్ ఎన్నిక నాకు నచ్చినది. దాని ఏఎం5 సాకెట్టు డీడీఆర్5 ర్యామ్‌ను మాత్రమే స్వీకరించును గనుక పాత యంత్రములోని డీడీఆర్4 స్టిక్కులపై ఆశ వదలుకొనుము. రెంటికిని కాళ్లు 288 చొప్పుననే యున్నను గాడి చోటు వేరు. వీడియోలు ఎడిటింగు చేసెదనంటివి కావున 16 జీబీల స్టిక్కులు రెండు కొనుము. మదర్‌బోర్డు బీ650 చాలును, అంతకు మించినది ఆడంబరము. ఆ మిగులును, దీపముల సొమ్మును ఎస్‌ఎంపీఎస్‌కు మరలింపుము.

సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయినపుడు, అడిగిన సరకు లేదనియు, ఇంతకన్న మేలైనది చవుకగా కలదనియు చెప్పువారు తారసపడుదురు. వారి మాట విని ఇంటెల్‌కు మారదలచినచో, పేరు చివర ‘ఎఫ్’ ఉన్న ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ భాగము పనిచేయదనియు, కార్డు లేనిదే తెరపై బొమ్మ రాదనియు ఎరిగి మాటలాడుము. పెట్టె లేక విడిగా అమ్ము ‘ట్రే’ ప్రాసెసర్‌కు తయారీదారు వారంటీ సామాన్యముగా ఉండదు, అంగడివాని మాటయే దిక్కు.

బిల్లు వలదన్నచో 18 శాతము జీఎస్‌టీ తగ్గింతుమని ఆశపెట్టుదురు. ఒప్పుకొనకుము. రెండేండ్ల తరువాత కార్డు చెడినచో నీ చేతనుండవలసినది ఆ కాగితమే. దానిపై ప్రతి భాగపు సీరియల్ నంబరును నీ యెదుటనే వ్రాయించి, పెట్టెపైని నంబరుతో సరిచూచుకొనిన పిమ్మటనే సొమ్ము చెల్లింపుము. ఫోటో తీసి నాకును పంపుము. బిల్లు లేని వస్తువునకు నా వంతు డబ్బు ఇయ్యను.

ఇట్లు,
నీ మామయ్య