మూత తీస్తే కనబడాలి

ఆకాశంలో విమానం పోతుంటే తల ఎత్తి చూస్తాం. విమానం అంటే పెద్ద ఫ్యాక్టరీలోనే తయారవుతుందని అనుకుంటాం. పెద్ద విమానాలు అలాగే తయారవుతాయి. కాని ఇంటి దగ్గర షెడ్డులో, సొంత చేతులతో కట్టుకునే చిన్న విమానాలు కూడా ఉన్నాయి. వాటిలో ఒకరో ఇద్దరో కూర్చోవచ్చు. అమెరికా దేశంలో ఇలాంటివి వేల సంఖ్యలో ఉన్నాయి. సగానికి పైగా పని సొంతంగా చేస్తేనే అక్కడి చట్టం దాన్ని ఇంట్లో కట్టిన విమానంగా ఒప్పుకుంటుంది. తనిఖీ అయ్యాకే అది ఎగరాలి.

కారు ఇంజనుతో విమానం

అమెరికాలో చెర్రీ గ్రోవ్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడ బెర్నార్డ్ పీటెన్‌పోల్ అనే మెకానిక్కు ఉండేవాడు. 1929లో ఆయన తన విమానానికి ఫోర్డు కారు ఇంజను బిగించి ఎగిరాడు.

కారు ఇంజను ఎందుకు పెట్టాడు? విమానం ఇంజను ఖరీదు ఎక్కువ. ఫోర్డు కారు ఆ దేశంలో ఊరూరా తిరిగేది. దాని సామాన్లు సులువుగా దొరికేవి. బాగుచేసేవాళ్లూ దొరికేవారు. ఇబ్బంది కూడా లేకపోలేదు. ఇంజనును చల్లబరిచే నీళ్ల రేడియేటరు ముందు నిలబడి, చూపుకు కొంచెం అడ్డం వస్తుంది. అయినా ఆ పద్ధతి చాలామందికి నచ్చింది. ఆ పటాలు చూసి నేటికీ విమానం కట్టుకునేవాళ్లున్నారు.

దాని రెక్కల లోపల చెక్క, పైన గుడ్డ. ఆ గుడ్డను పొడవాటి సూదితో, మైనం పట్టించిన దారంతో లోపలి చెక్క బద్దలకు కుడతారు. అంటే విమానంలో కుట్టుపని కూడా ఉందన్నమాట!

ఎందుకు తెరిచి చూడాలి?

బస్సు చెడిపోతే రోడ్డు పక్కన ఆపుతారు. గాలిలో విమానాన్ని అలా ఆపలేరు గదా. ఇంజను అదురుకు మరలు వదులవుతాయి. తీగలు అరుగుతాయి. తడికి చెక్క పుచ్చిపోతుంది. అందుకే ఎగిరే ముందు ప్రతిసారీ చూసుకోవాలి. ఏడాదికొకసారి అన్నీ విప్పి తనిఖీ చేయాలి. కట్టిన మనిషే తన విమానాన్ని తనిఖీ చేసుకునేందుకు అక్కడి ప్రభుత్వం సర్టిఫికెట్ ఇస్తుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఒక నట్టు చూడాలంటే ఇరవై మరలు విప్పాలనుకోండి. అప్పుడు మనసు ఏమంటుంది? "ఈసారికి బాగానే ఉంటుందిలే" అంటుంది. ఆ మాటే ప్రాణం మీదికి తెస్తుంది. మనిషికి బద్ధకం సహజం. అందుకే తనిఖీ సులువుగా జరిగేటట్టు విమానాన్ని ముందే కట్టాలి.

మంచి విమానం ఎలా కడతారు?

1. చెయ్యి దూరే చోటు ఉంచుతారు. పైలట్ చేతిలోని కర్ర కదిపితే ఇనప తీగలు తోకను కదుపుతాయి. బావి గిలక మీద చేదతాడు పోయినట్టు, ఆ తీగలు చిన్న గిలకల మీదుగా పోతాయి. అరిగితే తాడుకు పీచు లేచినట్టే, తీగ పోగులు తెగుతాయి. తీగను గుడ్డతో తుడిస్తే తెగిన పోగు గుడ్డకు తగులుకుంటుంది. అలా తుడవాలంటే చెయ్యి లోపలికి పోవాలి. అందుకని రెక్క కింద గుండ్రటి కంతలు పెట్టి, మూతలు బిగిస్తారు. కాజాకు అంచు కుట్టకపోతే గుడ్డ చిరుగుతుంది. అలాగే కంత చుట్టూ గట్టి రింగు అంటిస్తారు.

2. తరచుగా చూడవలసింది పైన ఉంచుతారు. ఇంజను ఆయిలు ఎగిరే ముందు ప్రతిసారీ చూడాలి. కాబట్టి ఇంజను మూత త్వరగా ఊడివచ్చేలా ఉండాలి.

3. నట్టుకు కాపలా పెడతారు. బండి చక్రం జారిపోకుండా ఇరుసుకు కడచీల పెడతాం గదా. విమానంలో కూడా నట్టు వదులు కాకుండా బోల్టు చిల్లులో పిన్ను దూర్చి వంచుతారు. ఆ పిన్ను కంటికి కనబడే వైపు ఉండాలి.

4. నీళ్లకు దారి ఇస్తారు. రెక్క కింద చిన్న చిల్లులుంటే నీరు కారిపోతుంది. పెట్రోలు ట్యాంకు అడుగున చిన్న కుళాయి పెడతారు. ఎగిరే ముందు గాజు సీసాలోకి కొంచెం పట్టి చూస్తారు. నీరు ఉంటే పెట్రోలు కిందికి దిగి కనబడుతుంది. కిరసనాయిల్లో నీళ్లు కలిస్తే దీపం ఆరినట్టే, పెట్రోల్లో నీళ్లు కలిస్తే ఇంజను ఆగిపోతుంది.

5. రకరకాల సైజులు పెట్టరు. నట్లు, బోల్టులు రెండు మూడు సైజుల్లోనే ఉంటే కొద్దిపాటి పానాలతో పని జరుగుతుంది. అయితే ముఖ్యమైన చోట విమానాల కోసం చేసిన బోల్టులే వాడాలి. అక్కడ చవకబేరం పనికిరాదు.

ఆడవాళ్లు కూడా

ఈ పని మగవాళ్లకే సొంతం కాదు. 1986 డిసెంబరులో జీనా యీగర్ అనే ఆమె, డిక్ రుటాన్ అనే ఆయన వాయేజర్ అనే విమానంలో భూమిని చుట్టి వచ్చారు. 9 రోజులు ఎక్కడా దిగలేదు. దారిలో పెట్రోలు పోయించుకోలేదు. ఆ విమానాన్ని ఒక చిన్న జట్టు చేతులతో కట్టింది. కట్టినవాళ్లలో జీనా కూడా ఉంది.

మన ఇంట్లో యంత్రాలు

కాలితో తొక్కే కుట్టుమిషను చూడండి. రేకు పక్కకు జరిపితే బాబిన్ కనబడుతుంది. నూనె వేసే చిల్లులు పైకే ఉంటాయి. అందుకే అది ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

మిషను కొన్నా, గ్రైండరు కొన్నా రంగు చూసి, ధర చూసి ఊరుకోవద్దు. కొట్టువాణ్ణి ఇలా అడగండి: "ఇది ఎక్కడ తెరుచుకుంటుంది? తరచుగా అరిగేది ఏది? ఆ సామాను మన ఊళ్లో దొరుకుతుందా?" కరెంటు మిషనైతే ప్లగ్గు తీశాకే తెరవాలి.

చదివారు కదా, చెప్పండి:
1. పీటెన్‌పోల్ కారు ఇంజను ఎందుకు వాడాడు?
2. తీగ పోగు తెగిందని ఎలా తెలుస్తుంది?
3. పెట్రోల్లో నీళ్లు ఉన్నాయో లేదో ఎలా చూస్తారు?
4. మీ ఇంట్లో ఏ యంత్రం సులువుగా తెరుచుకుంటుంది? ఏది తెరుచుకోదు? రాయండి.