చెట్ల లాటిన్ పేర్లు – రైతులకు వాటి ఉపయోగము

వేప మొక్కలు కావలెనని నర్సరీకి పోయిన రైతుకు ఒక్కొక్కసారి మలబారు వేప మొక్కలు చేతికి వచ్చును. పేరులోని పోలికయే ఈ పొరపాటునకు కారణము. మలబారు వేప ప్లైవుడ్డుకు, కాగితపు గుజ్జునకు పనికివచ్చును గాని, దాని గింజలనుండి వేపనూనె రాదు. తప్పు తెలియునప్పటికి కొన్ని సంవత్సరములు గడచిపోవును. ఇట్టి నష్టము కలుగకుండ చెట్ల లాటిన్ పేర్లు తెలిసికొనుట మంచిది.

స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో ప్రకటించిన గ్రంథముతో ప్రతి మొక్కకును రెండు మాటల పేరు పెట్టు పద్ధతి స్థిరపడినది. మొదటి మాట మన ఇంటిపేరు వంటిది. దగ్గరి చుట్టములకన్నిటికి అదియే యుండును. రెండవ మాట ఆ చెట్టుకు ప్రత్యేకము. వేప పేరు అజాడిరక్టా ఇండికా. మలబారు వేప పేరు మీలియా డూబియా. ఇంటిపేర్లే వేరు. 'ఇండికా' అనగా భారతదేశమునకు చెందినది. 'డూబియా' అనగా సందేహము గలది!

లాటిన్ భాషలో 'సిల్వా' అనగా అడవి, 'అర్బోర్' అనగా చెట్టు. మన ఈత చెట్టు ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్, అనగా అడవిలోనిది. ఖర్జూరము ఫీనిక్స్ డాక్టిలిఫెరా గాన ఈ రెండును చుట్టములు. దేశవాళీ పత్తులలో ఒకటి గాసిపియం అర్బోరియం, అనగా చెట్టువంటిది. టేకు టెక్టోనా గ్రాండిస్. 'గ్రాండిస్' అనగా పెద్దది.

చందనముల సంగతి మరింత ముఖ్యము. శ్రీగంధము శాంటాలం ఆల్బమ్. 'ఆల్బమ్' అనగా తెల్లనిది. ఎర్రచందనము టెరోకార్పస్ శాంటాలినస్, అనగా చందనమును పోలినది మాత్రమే. దాని నిజమైన చుట్టము వేగిస, టెరోకార్పస్ మార్సూపియం. శ్రీగంధము తన వేళ్ళతో ఇతర మొక్కల వేళ్ళనుండి ఆహారము పీల్చుకొనును. కావున దాని ప్రక్కన కంది వంటి ఆసరా మొక్క నాటవలెను. ఎర్రచందనమునకు ఆ అవసరము లేదు. పేరు చూచి రెండింటిని ఒకే విధముగా పెంచిన, శ్రీగంధము ఎదుగక నష్టము వచ్చును.

కావున మొక్కలకు వ్రాయునపుడు తెలుగు పేరు ప్రక్కన లాటిన్ పేరు రెండు మాటలును పూర్తిగా వ్రాయుడు. రశీదుపై గూడ వ్రాయించుకొనుడు. గ్రామోద్యోగులు చెట్ల పట్టీలు తయారుచేయునపుడు ఈ పద్ధతినే పాటించిన, ఒక చెట్టుకు బదులు వేరొక చెట్టు లెక్కకు ఎక్కదు. మన పేర్లు ఊరూరికి మారును. ఈ పేరు ఏ ఊరనైనను ఒకే చెట్టును చూపును.